కుండకు పూత: అందమా, అవసరమా?



ఇవాళ మనం మట్టికుండల మీది పూత గురించి మాట్లాడుకుందాం. "కుండల గురించి మాట్లాడుకోవడానికి ఏముందండీ! ఎండాకాలం రాగానే ఒకటి కొంటాం, వానలు పడగానే అటకెక్కిస్తాం" అంటారేమో. అక్కడే ఉంది అసలు సంగతి. ఈ మధ్య పట్టణాల్లో మట్టిపాత్రల మీద మోజు మళ్ళీ పెరిగింది. రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, భీమవరం, ఎక్కడ చూసినా రోడ్డు పక్కన మట్టిపాత్రలు పేర్చి అమ్ముతున్నారు. కుళాయి బిగించిన కుండలు, మూత దాకలు, పెరుగు ముంతలు, నీళ్ళ సీసాలు, టీ కప్పులు. కొన్ని ఎర్రవి, కొన్ని నల్లవి, కొన్ని నిగనిగలాడేవి, కొన్నిటి మీద పువ్వులూ లతలూ. ఇన్నిట్లో ఏది కొనాలి? సాధారణంగా ఏది బాగా మెరిస్తే దాని మీద చెయ్యి వేస్తాం. ఆ మెరుపు ఎక్కణ్ణించి వచ్చిందో అడగం. అడగాలి. ఎందుకంటే ఒక మెరుపు కుండకి బలం. ఒక మెరుపు కుండకి చేటు. ఇంకొక మెరుపు మన పిల్లల ఒంటికే చేటు.

పూత అనే మాట వినగానే గోదావరి వాళ్ళకి ముందుగా గుర్తొచ్చేవి పూతరేకులు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ రేకు తీసే పద్ధతి మీలో చాలామంది చూసే ఉంటారు. బోర్లించిన కుండ కింద మంట పెడతారు. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, ఆ కుండ వీపు మీద పరిచి చటుక్కున లాగేస్తారు. కాగితం కన్నా పల్చటి రేకు లేచి వస్తుంది. ఆ గొప్పతనమంతా బెల్లానిదీ నేతిదీ అనుకుంటాం గాని, అందులో సగం పాలు కుండ వీపుది. అది గరుకుగా ఉంటే రేకు చిరిగిపోతుంది. అందుకని కుమ్మరి ఆ కుండని ప్రత్యేకంగా నున్నగా తీరుస్తాడు. కొన్న తరవాత ఇల్లాలు దాన్ని మంట మీద కాచి, నూనె పట్టించి పదును చేసుకుంటుంది. సగం నునుపు కుమ్మరిది, సగం ఇల్లాలిది. అంటే కుండ పైతలం చూడ్డానికే కాదన్నమాట. దానికో పని ఉంది. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

ముందు కుండ ఎలా పుడుతుందో రెండు మాటల్లో చెప్పుకుందాం. మన డెల్టా అంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రే. వేసవిలో చెరువులు ఎండినప్పుడు అడుగు బంకమట్టి తవ్వుతారు. ఆరబెట్టి, కొట్టి, జల్లించి, నానబెట్టి, కాస్త ఇసుక కలిపి, కాళ్ళతో తొక్కి, చపాతీ పిండిలా లొంగేదాకా మర్దిస్తారు. సారె మీద ముద్ద పెట్టి తిప్పుతూ పైకి లేపితే మెడా, అంచూ, భుజాలూ వస్తాయి. గుండ్రటి అడుగు మాత్రం సారె మీద రాదు. సగం ఆరిన తరవాత, లోపల రాయి అడ్డం పెట్టి, బయట చెక్కతో తడుతూ, ఆ తట్టుడుతోనే మందపాటి అడుగుని పల్చబరిచి గుండ్రంగా దింపుతారు. మూలలు లేని అడుగుకి మంట సమంగా తగులుతుంది. అందుకే పొయ్యి మీద పగలదు. ఇదంతా అయ్యాక, ఆవంలో పెట్టకముందు, పచ్చి కుండకి జరిగే అలంకారం మొదలవుతుంది.

ఆ అలంకారంలో మొదటిది మట్టి పూత. సన్నటి ఎర్రమన్నునో, జేగురునో నీళ్ళలో కలిపి తేరబెడతారు. బరక అడుగుకి దిగిపోతుంది. పైన తేరిన మీగడలాంటి మట్టినీటిని గుడ్డతో కుండకి పూస్తారు. అది సగం ఆరగానే నున్నటి రాయితో గాని, గట్టి గింజలతో గాని రుద్దుతారు. దీన్నే మెరుగు పెట్టడం అంటారు. రుద్దేకొద్దీ మట్టిలోని సన్నటి రేణువులు పడుకుని ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. సందులు తగ్గుతాయి. వెలుతురు సమంగా తిరిగి వస్తుంది. అదే మెరుపు. ఇందులో గాజు లేదు, నూనె లేదు, రంగు డబ్బా లేదు. మట్టే మట్టికి మెరుగు. ఆవంలో కాలాక ఆ పూత కుండతో కలిసి ఒకటే అయిపోతుంది. తడిగుడ్డతో ఎంత రుద్దినా ఊడదు.

ఈ విద్య ఎంత పాతదనుకున్నారు? పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించినప్పుడు, రెండువేల ఏళ్ళ నాటి పల్చటి పళ్ళేలు బయటపడ్డాయి. అద్దంలా నున్నగా ఉంటాయి. పళ్ళెం లోపల, నడిమధ్యన, వలయాలు వలయాలుగా సన్నటి చుక్కల వరసలు. పళ్ళెం సారె మీద తిరుగుతూ ఉండగానే పొడిచిన చుక్కలవి. అదే రకం పళ్ళేలు మన శాలిహుండంలోనూ, అమరావతిలోనూ దొరికాయి. వాటి మీద గాజు పూత లేదు. ఉన్నది సన్నమట్టి పూతా, చేతి మెరుగూ, ఆవం వెయ్యడంలో నేర్పూ. ఇన్ని శతాబ్దాలు మట్టిలో పడి ఉన్నా ఆ మెరుపు పోలేదు.

రంగు సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకే మట్టితో ఎర్రకుండా చెయ్యొచ్చు, నల్లకుండా చెయ్యొచ్చు. మన మట్టిలో ఇనుము ఉంది. ఆవంలోకి గాలి బాగా ఆడితే ఆ ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఎర్రబడుతుంది. ఇనపచువ్వ తుప్పు పడితే వచ్చే ఎరుపే కుండ ఎరుపూను. అదే ఆవాన్ని చివర్లో తడిగడ్డితో, మట్టితో మూసేసి గాలి ఆడకుండా చేస్తే, పొగలోని మసి కుండ రంధ్రాల్లోకి దిగుతుంది. ఇనుము కూడా నలుపు తిరుగుతుంది. అంచేత నల్లకుండ అంటే మసిబారిన కుండ కాదు, తెలిసి నల్లబరిచిన కుండ. వంటకి పనికొచ్చే ఈ నలుపు కూడా రుద్దితే పోదు.

ఇక గీతలూ, ముద్రలూ. మెడ కింద తాడు చుట్టినట్టు కనిపించే అచ్చు, భుజం మీద గోటి నొక్కులు, దువ్వెన గీతలు. ఇవి ముద్దుకోసం వేసినవే అనుకుంటాం. తడిచేతితో నిండు కడవ ఎత్తి చూడండి. ఆ గరుకు చారే లేకపోతే చెయ్యి జారిపోతుంది. పైకి తిరిగిన మందపాటి అంచు మూతకి పట్టు, కుండకి బలం. మంచి పనివాడి చేతిలో అలంకారం అవసరం పక్కనే పుడుతుంది.

పెళ్ళిళ్ళలో ఐరేణి కుండల సంగతి చెప్పాలా! సున్నం తెలుపు, జేగురు ఎరుపు, పసుపు పచ్చన, గళ్ళూ చుక్కలూ వేసి మేళతాళాలతో తెచ్చుకుంటాం. ఆ రంగులు కాలిన కుండ మీద చల్లగా వేసినవి. నీళ్ళు తగిలితే పోతాయి. పోయినా ఫరవాలేదు, ఆ కుండ వంటకి కాదు, పెళ్ళికి. ఆ తేడా మన పెద్దవాళ్ళకి బాగా తెలుసు. వంటకుండకి ఒక పూత, వేడుక కుండకి ఒక పూత. మనం ఇప్పుడు మరిచిపోతున్నది ఈ తేడానే.

ఇక రెండో పూత, గాజు పూత. ఆవకాయ జాడీ మీద ఉండేది అదే. పైన తేనె రంగు, కింద గంజి తెలుపు, ముట్టుకుంటే చల్లగా, నున్నగా ఉంటుందే, అది రంగు కాదు, నిజంగా గాజే. ఇసుకే గాజుకి మూలం. కాని వట్టి ఇసుక కరగాలంటే దాదాపు 1,700 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. అంత వేడి ఏ కుమ్మరి ఆవమూ ఇవ్వలేదు. అందుకని ఇసుకని తక్కువ వేడికే కరిగించే దినుసు ఏదో ఒకటి కలపాలి. కట్టెల బూడిద, సున్నం, సోడా, వెలిగారం, సీసం, ఇవన్నీ అలాంటి దినుసులే. దాంతోపాటు కొంచెం బంకమట్టి కూడా వెయ్యాలి. ఎందుకంటారా? అరిసెల పాకం గుర్తుచేసుకోండి. పాకం మరీ లేతగా ఉంటే జారిపోతుంది, పట్టు ఉంటే నిలబడుతుంది. పూతకి ఆ పట్టు ఇచ్చేది మట్టి. అది లేకపోతే కరిగిన గాజు కుండ మీంచి కిందికి కారిపోతుంది.

ఈ దినుసులన్నీ మెత్తగా నూరి నీళ్ళలో పల్చగా కలుపుతారు. పాత్రని ముందు ఒకసారి కాల్చి ఉంచుతారు. అప్పుడది నీళ్ళు పీల్చుకుంటుంది కదా, పూతలో ముంచి తీయగానే పొడి సమంగా పట్టుకుంటుంది. అడుగున మాత్రం పూత తుడిచేస్తారు. లేకపోతే కరిగిన గాజు పాత్రని కొలిమి బల్లకి అంటించేస్తుంది. జాడీ బోర్లించి చూడండి, అడుగున గాజు లేని గరుకు చుట్టు కనిపిస్తుంది. అది లోపం కాదు. తరవాత మళ్ళీ కొలిమిలో పెడతారు. పొడి కరిగి, గాజై, పాత్రకి అతుక్కుపోతుంది. అందులో ఇనుము కలిస్తే తేనె రంగూ, గోధుమ రంగూ వస్తాయి. రాగి కలిస్తే ఆకుపచ్చ, కోబాల్టు కలిస్తే నీలం, తగరం కలిస్తే పాలతెలుపు.

సరే, ఈ గాజు వల్ల మనకేమిటి లాభం? ఉప్పూ, పులుపూ, నూనే. వట్టి మట్టికుండ నిండా సన్నటి రంధ్రాలు. అందులో ఉప్పు వేసి ఊరబెడితే, ఉప్పునీరు గోడలోకి దిగి, బయటివైపు ఆరి, పలుకులు కడుతుంది. ఆ పలుకులు పెరుగుతూ కుండ చర్మాన్ని లోపలినుంచే తోస్తాయి. కుండ పొలుసులు పొలుసులుగా రాలిపోతుంది. నూనె గోడకెక్కి కంపు పడుతుంది. గాజు పూత ఉంటే ఇవేవీ లోపలికి పోవు. ఆవకాయ, మాగాయ, నిమ్మకాయ ఏడాది పొడుగునా నిలవ ఉండేది అందుకే.

పచ్చడి జాడీకి పెద్ద చరిత్రే ఉంది. 14వ శతాబ్దంలో ప్రపంచం తిరిగిన ఇబ్న్ బతూతా, అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి ఉప్పులో ఊరబెట్టి నింపిన పెద్ద జాడీలని గురించి రాశాడు. సముద్రప్రయాణానికి కట్టి ఇచ్చే సరుకది. వాటిని మర్తబాన్లు అన్నాడు. బర్మాలోని మర్తబాన్ రేవు మీదుగా ఎగుమతయ్యే గాజుపూత జాడీలకి ఆ రేవు పేరే స్థిరపడిపోయింది. ఉత్తరాదిన పచ్చడి జాడీని ఇవాళ్టికీ మర్తబాన్ అంటారు. ఆ బర్మాకీ మన గోదావరికీ పాత చుట్టరికమే. గోదావరి సముద్రంలో కలిసేచోట కోరంగి రేవు ఉండేది. అక్కణ్ణించి ఓడలెక్కి రంగూన్ వెళ్ళిన తెలుగువాళ్ళని బర్మాలో కోరంగీలనే పిలిచేవారు.

మరి ఇంత మంచి గాజు పూత మన కుమ్మరి ఎందుకు వెయ్యడు? చేతకాక కాదు. మూడు కారణాలున్నాయి. ఒకటి, మట్టి. మన ఒండ్రుమట్టిలో ఇనుము ఎక్కువ. అది తక్కువ వేడికే గట్టిపడుతుంది. జాడీలకి కావలసిన 1,200, 1,250 డిగ్రీలకి తీసుకెళితే మెత్తబడి కుంగిపోతుంది, ఉబ్బిపోతుంది. అంత వేడి తట్టుకునేది వేరే రకం తెల్లమట్టి. పశ్చిమాన ద్వారకా తిరుమల పరిసరాల్లో పింగాణీ పరిశ్రమకి పనికొచ్చే మేలురకం బంకమట్టి ఉంది. కాని అది కుండల వీధికి వచ్చే సరుకు కాదు. రెండు, ఆవం. వరిగడ్డి, కొబ్బరి మట్టలు, పిడకలు వేసి కాల్చే ఆవం మామూలుగా 700 నుంచి 900 డిగ్రీల దాకా వెళుతుంది. జాడీకి మూసిన కొలిమి కావాలి. మూడు, వంటచెరకు. గాజు పూతకి రెండుసార్లు కాల్చాలి. ఖర్చు రెండింతలు.

ఇక్కడే ప్రమాదం ఉంది, జాగ్రత్తగా వినండి. తక్కువ వేడికే, చవకగా, తళతళలాడే గాజు కావాలంటే పాతకాలపు అడ్డదారి సీసం. సీసం కలిపిన పూత తక్కువ వేడికే కరుగుతుంది, నున్నగా పరుచుకుంటుంది, రంగులు నిగ్గుతేలుతాయి. అందుకే ఎన్నో దేశాల్లో వందల ఏళ్ళు వాడారు. కాని సరిగా కాలని సీసం పూత పులుపు తగిలితే కొంచెం కొంచెంగా ఆహారంలోకి దిగుతుంది. చింతపండు పులుసు, నిమ్మకాయ, పెరుగు, టమాటా, ఇవన్నీ పులుపే కదండీ. ఇంత వరకూ ఫరవాలేదని చెప్పదగ్గ మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చిన్నపిల్లల మెదడుకీ, గర్భిణీ స్త్రీలకీ. రుచి తెలియదు, వాసన తెలియదు, ఒక్కరోజులో జబ్బు చెయ్యదు. అందుకే భయపడాలి.

ఇంట్లో మనం చూసుకోగల పరీక్షలు కొన్ని చెబుతాను. గాజుపూత పాత్ర కొనేటప్పుడు బోర్లించి, పూత లేని అడుగు మీద ఒక నీటిచుక్క వెయ్యండి. చుక్క చుక్కగానే నిలిస్తే అది ఎక్కువ వేడికి కాలిన గట్టి పాత్ర. వేలితో మీటితే ఖంగుమంటుంది. చుక్క చటుక్కున ఇంకిపోతే తక్కువ వేడికి కాలింది. అలాంటి దాని మీద తళతళలాడే పసుపు, నారింజ, ఆకుపచ్చ గాజు ఉందనుకోండి, అమ్మేవాళ్ళు సీసం లేదని గట్టిగా చెప్పలేకపోతే, దాన్ని పువ్వులకీ, దువ్వెనలకీ పెట్టుకోండి, తిండికి వద్దు. ఇంకో పరీక్ష, నిమ్మచెక్క ఒకటి పూత మీద రాత్రంతా ఉంచండి. పొద్దున్నకి అక్కడ రంగు వెలిసినా, మెరుపు తగ్గినా ఆ పూత తిండికి పనికిరాదు. అయితే రంగు మారనంత మాత్రాన సీసం లేదని అర్థం కాదు. అది తేల్చేది లేబరేటరీయే. 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పాత్రలో పోసి, 24 గంటలు ఉంచి, అందులోకి ఎంత సీసం దిగిందో కొలుస్తారు. పేరున్న తయారీదారులు ఈ పరీక్ష చేయించే అమ్ముతారు. అడగడం మన హక్కు.

పాతజాడీల్లో కొన్నిటికి సాలెగూడులా సన్నటి పగుళ్ళు కనిపిస్తాయి. చల్లారేటప్పుడు గాజూ, మట్టీ ఒకేలా ముడుచుకోవాలి. గాజు ఎక్కువ ముడుచుకుంటే, బిగుతు జాకెట్టు కుట్లు పిగిలినట్టు గాజు పిగులుతుంది. ఆ సందుల్లో నూనె, ఉప్పునీరు చేరతాయి. అటువంటి జాడీని పారెయ్యక్కర్లేదు. పప్పులకీ, చింతపండుకీ కాక, వడియాలకీ, అప్పడాలకీ వాడుకోండి. మంచి జాడీనైనా వేడినీళ్ళు ఒక్కసారిగా పోసి కడగొద్దు. కడిగాక రెండు మూడు ఎండలు బాగా తగలనిచ్చి, తడి లేదనుకున్నాకే ఆవకాయ పెట్టండి.

గాజు పూత ఇంత మంచిది కదా, మంచినీళ్ళ కుండకీ వేసేస్తే పోలేదా అంటారా? అక్కడే కథ తిరగబడుతుంది. కుండలో నీళ్ళు చల్లబడేది రంధ్రాల వల్లనే. నీరు గోడ గుండా చెమర్చి బయట ఆవిరవుతుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 కాలరీల వేడి కావాలి. ఆ వేడిని కుండలోని నీళ్ళ నుంచే లాక్కుంటుంది. గాజు పూత వేస్తే చెమట ఆగిపోతుంది, చల్లదనం పోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే కూడా ఆవిరి తగ్గుతుంది. అందుకే మన తీరంలో ఉక్కపోసే రోజున కుండనీళ్ళు, పొడిగాలి వీచే రాయలసీమలో చల్లబడినంతగా చల్లబడవు. కుండ మంచిది కాదని కుమ్మరిని తిట్టుకోకండి. కుండని కిటికీ దగ్గర, గాలి ఆడేచోట, నీడన పెట్టండి. పెరుగు ముంతా అంతే. వట్టి మట్టి నీటిని పీల్చుకుంటుంది గనకే పెరుగు గట్టిగా తోడుకుంటుంది.

ఇప్పుడు మూడో పూత. దీన్ని గురించే అసలు మొరపెట్టుకోవాలి. ఆవం దించాక, చల్లారిన కుండ మీద ఎనామిల్ రంగో, వార్నీషో, డబ్బాలోని ఎర్ర రంగో పూసి అమ్మడం. పూలకుండీకైతే సరే, గోడకి వేలాడదీసే బొమ్మకైతే మరీ మంచిది. కాని నీళ్ళకుండకి పూస్తే రంధ్రాలు మూసుకుపోతాయి, కుండ చల్లబరచదు. దాకకి పూస్తే పొయ్యి మీద కాలి కంపు కొడుతుంది, పొట్టు లేస్తుంది, అది కూరలో పడుతుంది. కొనేటప్పుడు తడిగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకి రంగు అంటినా, గోటితో గీస్తే పొరలా లేచినా, ముక్కు దగ్గర పెట్టుకుంటే రంగు వాసన వేసినా వంటింటికి వద్దు. లోపలివైపు తప్పకుండా చూడండి. లోపల వట్టి మట్టి ఉండాలి, నీళ్ళు చిలకరిస్తే ఇట్టే పీల్చుకోవాలి, మట్టివాసన రావాలి.

అయితే ఈ తప్పు అమ్మేవాళ్ళదే అందామా? ఒక్క క్షణం ఆలోచించండి. చాలా కుమ్మరి ఇళ్ళల్లో సారె తిప్పేది మగవాళ్ళు. మట్టి జల్లించడం, పూత తేరబెట్టడం, రాయితో మెరుగు పెట్టడం, గీతలు దిద్దడం, ఎండకి తిప్పడం, బజారుకి మోయడం, ఇవన్నీ ఆడవాళ్ళ చేతిపని. కుండ సారె మీద నిమిషాల్లో లేస్తుంది. దానికి మెరుగు పెట్టాలంటే గంటలు పడుతుంది. మెరుగు పెట్టిన కుండా, పెట్టని కుండా పక్కపక్కన పెడితే మనం ఒకే ధర ఇస్తామంటాం. పైగా రంగు పూసింది చూపించి "ఇదే బాగుంది, ఎంతకిస్తావ్?" అంటాం. "కుమ్మరికొక ఏడు, గుదియకొక పెట్టు" అని సామెత. ఏడాది కష్టం ఒక్క దెబ్బకి పోతుందని. ఇప్పుడా దెబ్బ కర్రతో కొట్టక్కర్లేదు, మన బేరంతోనే తగులుతోంది. గంటల తరబడి రాయితో రుద్దిన చేతికి కూలి గిట్టకపోతే, ఆ చెయ్యి రంగు డబ్బా పట్టుకోక ఏం చేస్తుంది?

దారులు లేకపోలేదు. సీసం బదులు వెలిగారం కలిపిన గాజుపొడితో, వెయ్యి డిగ్రీల చుట్టుపక్కలే కరిగే పూతలు ఇప్పుడున్నాయి. చిన్న కరెంటు కొలిమితో ఆ పని సాగుతుంది. ఇంకో విశేషం చెప్పనా? మన డెల్టాలో రైసుమిల్లుల దగ్గర గుట్టలు గుట్టలుగా పడేసే ఊక బూడిదలో చాలా భాగం ఇసుకలో ఉండే సిలికాయే. జపాను వాళ్ళు ఊక బూడిదతో మేఘంలాంటి తెల్లటి పూత వేస్తారు. దాన్ని నుకా పూత అంటారు. మనకి అది చెత్త, వాళ్ళకి అది పూత. గూడూరులో సిరామిక్ టెక్నాలజీ నేర్పే ప్రభుత్వ సంస్థ ఉంది. పుదుచ్చేరిలో 1971లో మొదలైన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ఎందరికో గాజుపూత పని నేర్పింది. నిర్మలా పట్వర్ధన్ అనే కళాకారిణి పూతల పాళ్ళన్నీ పరిశోధించి, కుండలు చేసేవాళ్ళ కోసం పుస్తకమే రాశారు. 2018 నుంచి ఖాదీ గ్రామోద్యోగ సంఘం కుమ్మరులకి కరెంటు సారెలు ఇస్తోంది. సారె వేగం పెరిగింది, మంచిదే. కాని పూత పనీ, మెరుగు పనీ నేర్పితేనే ఇంటి ఆడపిల్ల చేతికి కూడా పని వస్తుంది, కూలి వస్తుంది.

మనవైపు నుంచి మనం చెయ్యగలిగింది చిన్నదే. నీళ్ళకీ, పెరుగుకీ, పులుసుకీ పూత లేని కుండ గాని, మట్టి పూతతో మెరుగు పెట్టిన కుండ గాని తీసుకోండి. పులస పులుసు దాకలో ఎందుకంత రుచో మీకు నేను చెప్పేదేముంది! ఉప్పూ నూనే ఊరే పచ్చళ్ళకి బాగా కాలిన గాజుపూత జాడీ తీసుకోండి. వేడుకలకి రంగుల కుండ తెచ్చుకోండి, దాన్ని వేడుకకే ఉంచండి. మెరుగు పెట్టిన కుండకి నాలుగు డబ్బులు ఎక్కువ అడిగితే, "ఇంత మెరుపు ఎలా తెచ్చావమ్మా?" అని ఒక్క ప్రశ్న వెయ్యండి. నిజంగా తన చేత్తో రుద్దిన మనిషైతే, రాయి ఎక్కడ దొరికిందో, ఎన్ని గంటలు పట్టిందో ఉత్సాహంగా చెబుతుంది. అది విన్నాక మీరే బేరం మానేస్తారు.

ఈసారి కుండ కొనడానికి బజారుకి వెళ్ళేటప్పుడు సంచిలో ఒక తడిగుడ్డ పెట్టుకువెళ్ళడం మాత్రం మరిచిపోకండి.